డిస్క్ మీద పొర పట్టేదాకా

బ్రేక్ పెడల్ గట్టిగానే ఉంది. కాలి కింద మెత్తబడలేదు, నేల దాకా దిగిపోలేదు. ఉన్న బలమంతా పెట్టి తొక్కుతున్నాను, బండి మాత్రం ఆగడం లేదు. రేస్ ట్రాక్‌లో తిన్నగా సాగే స్ట్రెయిట్ చివర, మలుపు ఇంకెంత దూరమో చెప్పే 100 మీటర్ల బోర్డు పోయింది, 50 బోర్డు పోయింది, స్టీరింగ్ తిప్పాల్సిన చోటూ దాటిపోయింది. ఆ వేగంలో తిప్పితే బండి గిర్రున తిరిగిపోతుందని తెలుసు కాబట్టి తిన్నగా పట్టుకుని, ట్రాక్ పక్కన కంకర పరిచి ఉంచే రనాఫ్‌లోకి వదిలేశాను. కంకరలో చాలా దూరం వెళ్లి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు, బండి మీద గీత కూడా పడలేదు. కానీ ఆ మూడు నాలుగు సెకన్ల భయం ఒంట్లోంచి పోవడానికి చాలా రోజులు పట్టింది.

ముందు రోజు సాయంత్రమే కొత్త ట్రాక్ ప్యాడ్లు, అంటే చక్రంతో తిరిగే ఇనప డిస్క్‌ని రెండు వైపులా నొక్కి బండిని ఆపే బ్రేక్ ముక్కలు, వేశాను. డబ్బాలో ఒక కాగితం ఉంది, బెడ్డింగ్, అంటే కొత్త ప్యాడ్లని పద్ధతిగా వేడెక్కించి డిస్క్‌కి అలవాటు చేయడం, ఎలా చేయాలో వరసగా రాసి ఉంది. చదివాను కూడా. పని ముగిసేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది, తెల్లారితే సెషన్. మొదటి రెండు ల్యాప్‌లు నెమ్మదిగా తిప్పితే అవే సెట్ అయిపోతాయిలే అనుకున్నాను. మూడో ల్యాప్ నుంచి పూర్తి వేగం అందుకున్నాను. నాలుగో ల్యాప్‌లో జరిగింది ఇదీ.

ఎందుకలా అయిందో తర్వాత తెలుసుకున్నాను. ప్యాడ్‌లో లోహపు పొడి, గ్రాఫైట్, ఇంకా రకరకాల పదార్థాలు ఉంటాయి. వాటన్నిటినీ కలిపి పట్టి ఉంచేది ఫినాలిక్ రెజిన్ అనే జిగురు లాంటి పదార్థం. కొత్త ప్యాడ్ మొదటిసారి బాగా వేడెక్కినప్పుడు పైపొరలో ఉన్న రెజిన్ కొంత కాలి, వాయువుగా మారి బయటికొస్తుంది. వేడి మెల్లగా ఎక్కితే ఆ వాయువు కూడా కొద్దికొద్దిగా తప్పుకుంటుంది. ఒక్కసారిగా ఎక్కితే అంతా ఒకేసారి బయటపడి, ప్యాడ్‌కీ డిస్క్‌కీ మధ్య పలచటి దిండులా నిలబడుతుంది. ప్యాడ్‌ని వెనక నుంచి నెట్టే పిస్టన్ నొక్కుతూనే ఉంటుంది కాబట్టి పెడల్ గట్టిగా తగులుతుంది, ప్యాడ్ మాత్రం డిస్క్‌ని పట్టదు. దీన్నే గ్రీన్ ఫేడ్ అంటారు. ప్యాడ్ ఇంకా పచ్చిగా ఉంది అని ఆ మాటకు అర్థం.

బ్రేక్ ఆయిల్ మరిగితే వచ్చే ఇబ్బంది వేరు. అప్పుడు పైపుల్లో ఆవిరి బుడగలు చేరతాయి, పెడల్ స్పాంజిలా మెత్తబడి లోపలికి పోతుంది. కాలికి ఈ రెండూ వేర్వేరుగా తెలుస్తాయి. ట్రాక్ మీదకి వెళ్లే ప్రతి ఒక్కరూ ఈ తేడా గుర్తు పెట్టుకోవాలని నేను గట్టిగా చెబుతాను. పెడల్ గట్టిగా ఉండి బండి ఆగకపోతే ప్యాడ్ వైపు చూడాలి, పెడల్ మెత్తబడితే ఆయిల్ వైపు చూడాలి.

ఆ రోజు కథ కంకరతో అయిపోలేదు. బండిని బయటికి లాగి, మెల్లగా ట్రాక్ పక్కన బండ్లు ఆపే పిట్‌కి తెచ్చి ఆపాను. కాళ్లు వణుకుతున్నాయి. ఆ వణుకులో బ్రేక్ పెడల్ మీద కాలు అలాగే ఉంచేశాను, రెండు మూడు నిమిషాలు తీయలేదు. ముందు చక్రాల్లోంచి పొగ వస్తోంది, ముక్కు మండేంత ఘాటు వాసన. మధ్యాహ్నం మళ్లీ ట్రాక్ మీదకి వెళ్లాను. ఈసారి బ్రేక్ బాగానే పట్టింది, కానీ తొక్కిన ప్రతిసారీ స్టీరింగ్ చేతుల్లో దడదడలాడింది. సాయంత్రానికి అది ఎంత పెరిగిందంటే పెడల్ కూడా అరికాలి కింద కొట్టుకోవడం మొదలైంది. డిస్కులు వంకరపోయాయని తీర్మానించుకున్నాను.

నాకు ట్రాక్ పని నేర్పిన ఒక అన్న ఉన్నాడు, ఏళ్ల తరబడి రేసు బండ్ల మీద చేతులు నల్లగా చేసుకున్న మనిషి. ఆయన దగ్గరికి తీసుకెళ్లి, "అన్నా, డిస్కులు రెండూ వంగిపోయాయి, మార్చేయాలి" అన్నాను. ఆయన మాట్లాడకుండా చక్రం విప్పి, వంకరని ముల్లుతో కొలిచే డయల్ గేజ్ పెట్టి డిస్క్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పాడు. ముల్లు ఎక్కువ కదల్లేదు. మిల్లీమీటర్‌లో వందో వంతులు నాలుగు, అంతే. తర్వాత టార్చ్ తెచ్చి డిస్క్ మీదకి పక్కనుంచి వెలుగు కొట్టాడు. అప్పుడు కనిపించింది. అచ్చం ప్యాడ్ ఆకారంలో ఒక నల్లటి ముద్ర, అంచులతో సహా, ముద్రగుద్దినట్టు.

"డిస్క్ వంగలేదు తమ్ముడూ. వేడి మీద ఉన్నప్పుడు కాలు తీయకుండా కూర్చున్నావు కదా, ప్యాడ్ దాని మీద అంటుకుపోయింది. ఇప్పుడు ఆ మచ్చ వచ్చిన ప్రతిసారీ బ్రేక్ ఎక్కువ పడుతుంది, మచ్చ దాటగానే తగ్గుతుంది. నీ చేతికి తెలుస్తున్న దడ అదే."

బెడ్డింగ్ అంటే ప్యాడ్‌ని కాల్చడం అని మాత్రమే అప్పటిదాకా నేను అనుకున్నాను. సగం మాత్రమే నిజం. ఇంకో సగం డిస్క్ మీద జరగాలి. ప్యాడ్ చల్లగా ఉన్నప్పుడు డిస్క్‌ని గీకుతుంది, ఆ గీకుడు వల్లే బండి ఆగుతుంది. వేడెక్కాక ప్యాడ్‌లోని పదార్థం కొంచెం డిస్క్ మీదకి బదిలీ అయి, కంటికి కనిపించీ కనిపించనంత పలచటి పొరగా పడుతుంది. ఆ తర్వాత ప్యాడ్ తన పదార్థంతోనే చేసిన ఆ పొరని పట్టుకుని వదులుతూ, పట్టుకుని వదులుతూ బండిని ఆపుతుంది. ట్రాక్ ప్యాడ్ల బలం చాలావరకు ఈ రెండో రకంలోనే ఉంది. పొర చుట్టూ ఒకేలా పడితే పెడల్ ఎంత తొక్కితే అంత జవాబు వస్తుంది. ఒకచోట మందంగా, ఒకచోట పలచగా పడితే దడ. ఆ మందంగా ఉన్న చోట రాపిడి ఎక్కువ కాబట్టి వేడి ఎక్కువ, వేడి ఎక్కువ కాబట్టి ఇంకాస్త పదార్థం అక్కడే అంటుకుంటుంది. పట్టించుకోకుండా నడిపితే ఆ మచ్చల కింద 650 డిగ్రీలు దాటిన చోట పోత ఇనుము నిర్మాణమే మారిపోయి, సిమెంటైట్ అనే గట్టి పదార్థం ఏర్పడుతుంది. అది పైన అంటుకున్న మరక కాదు, డిస్క్ ఒంట్లోకి దిగిన గట్టి కణితి. ఎమరీ పేపర్‌తో రుద్దినా పోదు.

నా డిస్కులు ఆ దశకి చేరాయి. పైమచ్చని రుద్ది తీశాక కింద నీలం నలుపు చుక్కలు అలాగే ఉన్నాయి. ప్యాడ్ల ముఖం కూడా అద్దంలా నున్నగా మెరుస్తోంది, గ్లేజ్ అయిపోయాయి. ముందు డిస్కులు, ప్యాడ్లు కొత్తవి తెచ్చుకున్నాను. ఈసారి కాగితంలో ఉన్న ఏ ఒక్క మాటా వదలకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

బెడ్డింగ్ రోడ్డు మీద మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో అది జాకీ ఎత్తినప్పుడే మొదలవుతుంది. పాత డిస్క్ విప్పగానే, దాన్ని బిగించే హబ్ ముఖం మీద తుప్పు పొలుసులుగా కనిపించింది. అన్న వైర్ బ్రష్ నా చేతికిచ్చి, ఇనుము మెరిసేదాకా రుద్దమన్నాడు. ఒక్కో హబ్‌కి పావుగంట పైనే పట్టింది. "ఇంత చిన్న పొలుసు ఏం చేస్తుందన్నా?" అని అడిగితే, వేలితో డిస్క్ మధ్య నుంచి అంచు దాకా గీత గీసి చూపించాడు. హబ్ దగ్గర ఒక పొలుసు డిస్క్‌ని 0.05 మిల్లీమీటర్ ఎత్తితే, హబ్‌కి రెండింతల వెడల్పున్న డిస్క్ అంచు దగ్గర ఆ వంకర దాదాపు రెండింతలవుతుంది. అలా ఊగే డిస్క్ బ్రేక్ తొక్కనప్పుడు కూడా చుట్టుకి ఒకసారి ప్యాడ్‌ని తాకుతూ పోతుంది. ఆ తాకిన చోట పొర మారిపోతుంది. ఎంత బాగా బెడ్డింగ్ చేసినా కొన్ని వందల కిలోమీటర్లకి దడ మళ్లీ వస్తుంది.

కొత్త డిస్కుల మీద తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు. బ్రేక్ క్లీనర్ కొట్టి, తెల్ల గుడ్డతో తుడిచి, గుడ్డ నల్లబడకుండా వచ్చేదాకా మళ్లీ మళ్లీ తుడిచాను. గాడుల్లో, గాలి పోయే రెక్కల అంచుల్లో కూడా ఆ నూనె ఉంటుంది. అక్కడ మిగిలింది వేడికి కరిగి ప్యాడ్ మీదకి పాకుతుంది. తుడిచాక డిస్క్ ముఖాన్ని వేళ్లతో తాకలేదు, అంచులు పట్టుకునే ఎక్కించాను.

కొత్త డిస్కులు కాకుండా ఉన్నవాటి మీదే కొత్త ప్యాడ్లు వేసేవాళ్లకి ఒక మాట. పాత ప్యాడ్ల పొర డిస్క్ మీద ఉంటుంది. రెండూ ఒకే కంపెనీ, ఒకే రకం ప్యాడ్లయితే సమస్య తక్కువ. రకం మారితే పాత పొర మీద కొత్త పొర సరిగ్గా కూర్చోదు. ఎమరీ పేపర్‌తో ఒకే దిక్కుగా కాకుండా గుండ్రంగా, అడ్డదిడ్డంగా రుద్ది పాతది తీసేయాలి. రోడ్డుకి ఒక రకం, ట్రాక్‌కి ఒక రకం ప్యాడ్లు మార్చుకునేవాళ్లు వీలైతే డిస్కులు కూడా రెండు జతలు పెట్టుకోవడమే మేలు.

ప్యాడ్లని పట్టి ఉంచే కాలిపర్ పక్కలకి జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులు విప్పి, తుడిచి, వాటికి వాడే వేడి తట్టుకునే గ్రీజు రాశాను. ఎడమ వైపు కింది పిన్ను కొంచెం బిగుసుకుని ఉంది. దాన్ని శుభ్రం చేసి లోపలికీ బయటికీ ఆడించాక సులువుగా కదిలింది, సరిపోయిందనుకున్నాను. దీని సంగతి మళ్లీ వస్తుంది. పిస్టన్లు లోపలికి నొక్కేటప్పుడు ఆయిల్ డబ్బాలో మట్టం పైకి వస్తుంది. ముందే కొంచెం తీసేయకపోతే పొంగి పెయింట్ మీద పడుతుంది, అది పెయింట్‌ని తినేస్తుంది. ఎలాగూ ఆయిల్ మొత్తం మార్చాలి కాబట్టి నాకు ఆ బాధ లేదు. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. గాలిలో తేమ పీల్చుకుని పాతబడ్డాక ఆ ప్రమాణం 155కే పడిపోతుంది. అంటే ఏడాది రెండేళ్లు వాడిన ఆయిల్‌తో బెడ్డింగ్‌కి బయలుదేరితే, ప్యాడ్ల సంగతి తేలకముందే ఆయిల్ మరిగే ప్రమాదం ఉంది. ట్రాక్ కోసం చేసిన ఆయిల్ 300 డిగ్రీలు దాటినా తట్టుకుంటుంది. అదే పోసి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేక్ పైపుల్లోని గాలి తీశాం.

చక్రాల నట్లు ఎదురెదురుగా, ఎంత బిగించామో చూపించే టార్క్ రెంచ్‌తో, బండి పుస్తకంలో రాసిన లెక్కకే బిగించాం. గాలి గన్నుతో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగిస్తే డిస్క్ మీద ఒత్తిడి ఒకేలా పడదు. చివరగా కదిలే ముందు పెడల్‌ని పదిసార్లు తొక్కాను. పిస్టన్లు వెనక్కి నెట్టి ఉంటాయి కాబట్టి మొదటిసారి తొక్కితే పెడల్ నేలకి తగులుతుంది. ఈ సంగతి మర్చిపోయి షెడ్డులోనే గోడకి గుద్దుకున్న బండ్లని చూశాను.

డిస్క్ అంచుకి మూడు గీతలు గీశాం. ఇది వేడి చెప్పే పెయింట్. ఆకుపచ్చ గీత 430 డిగ్రీల దగ్గర రంగు మారుతుంది, నారింజ 560 దగ్గర, ఎరుపు 610 దగ్గర. చేత్తో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కూడా నా దగ్గర ఉంది కానీ, మెరిసే లోహం మీద అది ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. పైగా పిట్‌కి వచ్చేలోపే డిస్క్ చాలా చల్లారిపోతుంది. పెయింట్ మాత్రం ఎక్కువలో ఎక్కువ ఎంత వేడెక్కిందో గుర్తు పెట్టుకుంటుంది.

పొద్దున్నే, సెషన్లు మొదలు కాకముందు ట్రాక్ ఖాళీగా ఉన్న సమయం అడిగి తీసుకున్నాం. ట్రాక్ మీద భద్రత చూసే మార్షళ్లకి ముందే చెప్పాం, స్ట్రెయిట్ మీద మాటిమాటికీ వేగం తగ్గిస్తాం, భయపడొద్దని. అన్న పక్క సీట్లో కూర్చుని అద్దంలో వెనక చూస్తున్నాడు. మామూలు రోడ్డు మీద జనం ఉన్నచోట ఈ పని చేయడం నాకు అస్సలు ఇష్టం లేదు. వెనక వచ్చేవాడికి మనం ఎందుకు ఆగుతున్నామో తెలియదు.

మొదట 60 వేగం నుంచి 20కి, మెత్తగా, ఐదుసార్లు. ఇందులో చెప్పుకోవడానికి ఏమీ లేదు. ప్యాడ్ చెక్కముక్కలా ఉంది, తొక్కితే జారుతున్నట్టు ఉంది, కీచుమని అరుస్తోంది. ట్రాక్ ప్యాడ్ చల్లగా ఉన్నప్పుడు అంతే.

తర్వాత అసలు వరస. 100 నుంచి 15కి, పదిసార్లు. గట్టిగా, కానీ చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ కదలనంత. పూర్తిగా ఆగకూడదు. 15కి రాగానే కాలు తీసేసి, వెంటనే మళ్లీ 100 అందుకోవాలి. పదిసార్లు ఎందుకో కాగితంలో రాయరు, నేను లెక్క వేసుకున్నాను. బండి బరువు మాతో కలిపి 1,300 కిలోలు అనుకుందాం. 100 వేగంలో అందులో ఉన్న శక్తి సుమారు 500 కిలోజౌళ్లు. అందులో 70 శాతం ముందు బ్రేకులు మోస్తాయనుకుంటే ఒక్కో ముందు డిస్క్‌కి 175. ఏడు కిలోల ఇనప డిస్క్ ఆ శక్తి తాగితే సుమారు 50 డిగ్రీలు పెరుగుతుంది. ఒకసారి తొక్కితే 50 డిగ్రీలే. మధ్యలో గాలికి కొంత పోతుంది. అందుకే వెంటవెంటనే పదిసార్లు కావాలి, మధ్యలో ఆలస్యం చేస్తే ఎక్కిన వేడి దిగిపోతుంది. శక్తి వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి, 15కి వచ్చేసరికే నూటికి 98 వంతులు డిస్క్‌లోకి వెళ్లిపోయినట్టు. మిగిలిన ఆ రెండు వంతుల కోసం పూర్తిగా ఆగి, వేడి ప్యాడ్‌ని ఒకే చోట అదిమి ముద్ర వేసుకోవడం ఎందుకు? ఈ లెక్క తెలిశాక 15 దగ్గర కాలు తీయడం నాకు అలవాటుగా మారిపోయింది.

మొదటి మూడుసార్లు తేడా తెలియలేదు. నాలుగోసారి వాసన మొదలైంది, కాలిన ప్లాస్టిక్‌లా, గొంతులో పట్టుకునే వాసన. ఐదోసారి ప్యాడ్ పట్టు కొంచెం మెరుగైంది. ఏడోసారి 100 నుంచి తొక్కితే, అంతకుముందు సరిపోయిన బలం సరిపోలేదు. పెడల్ గట్టిగానే ఉంది, బండి ఆలస్యంగా తగ్గుతోంది. కంకర రోజు గుర్తొచ్చి గుండె ఝల్లుమంది. అన్న నా భుజం మీద చెయ్యి వేసి, "అదే తమ్ముడూ, రావాల్సిందే వచ్చింది. ఇంకా గట్టిగా తొక్కకు, ఈ వరస ఇక్కడికి చాలు. బ్రేక్ ముట్టుకోకుండా తిప్పు" అన్నాడు. పది లెక్క పూర్తి చేయాలని పట్టుబట్టకుండా ఫేడ్ మొదలవగానే ఆపడమే సరైన పని. ఫేడ్ అవుతున్న ప్యాడ్‌ని ఇంకా గట్టిగా అదిమితే అది అద్దంలా గ్లేజ్ అవుతుంది, నా మొదటి జతకి పట్టిన గతి అదే.

పై గేరులో, ఇంజిన్ బ్రేకింగ్ మీదే, పది నిమిషాలు తిప్పాను. అద్దం దించితే చక్రాల నుంచి సన్నటి నీలం పొగ వెనక్కి పోవడం కనిపించింది. కాసేపటికి అది ఆగిపోయింది. ఒక్కసారి మెత్తగా తొక్కి చూశాను. కాలు పెట్టీ పెట్టగానే బండి ముక్కు కిందికి వంగింది. ఇంతకుముందు చెక్కలా ఉన్న ప్యాడ్ ఇదేనా అనిపించింది. వాయువు పోయింది, పొర పడటం మొదలైంది.

రోడ్డు కోసం చేసిన స్పోర్ట్స్ ప్యాడ్లయితే ఇక్కడితో దాదాపు అయిపోయినట్టే. ఇవి ఎక్కువ వేడిలో పనిచేసే రకం కాబట్టి రెండో వరస కావాలి. 140 నుంచి 40కి, ఎనిమిదిసార్లు. ఒక్కో తొక్కుడికి డిస్క్ ఇప్పుడు 90 డిగ్రీల దాకా పెరుగుతుంది. ఈసారి ఫేడ్ రాలేదు. ప్రతిసారీ పట్టు ఇంకాస్త పెరిగింది, ఆరు నుంచి ఎనిమిది దాకా ఒకేలా నిలబడింది. కాలు ఎంత నొక్కితే అంత. పట్టు పెరగడం ఆగి ఒకచోట నిలకడగా ఉందంటే పొర చుట్టూ పడినట్టు లెక్క.

మళ్లీ బ్రేక్ లేకుండా పది నిమిషాలు. పిట్‌లోకి నడక వేగంతో వచ్చి, గేరులో ఆపి, చక్రానికి అడ్డుకట్ట పెట్టాం. హ్యాండ్ బ్రేక్ జోలికి పోలేదు. నేను దిగగానే అన్న నన్ను వెనక్కి పిలిచి, ఒక నిమిషం ఆగి, బండిని న్యూట్రల్ చేసి చేత్తో సగం చుట్టు ముందుకు తోయించాడు. ఇంకో నిమిషానికి మళ్లీ. ప్యాడ్ల కింద ఉన్న భాగం ఒక్కటే వేడిగా ఉండిపోకూడదని. అంత జాగ్రత్త అవసరమా అంటే, ముందు జత పోగొట్టుకున్నవాడిగా అవసరమే అంటాను.

గంట తర్వాత, డిస్క్ దగ్గర చెయ్యి పెట్టగలిగాక, చక్రాలు విప్పాం. ఆకుపచ్చ గీత పూర్తిగా తెల్లబడింది. నారింజ అక్కడక్కడా మారింది. ఎరుపు చెక్కుచెదరలేదు. అంటే 430 బాగా దాటింది, 560 దగ్గరికి వెళ్లింది, 610 దాటలేదు. ఈ ప్యాడ్లకి కావాల్సింది అంతే. ప్యాడ్ పక్కనుంచి చూస్తే డిస్క్ వైపు అంచు రెండు మూడు మిల్లీమీటర్ల మేర బూడిద తెలుపుకి తిరిగింది. వేడి అంత లోతుకి దిగిందన్నమాట.

కుడి డిస్క్ చూసి చాలాసేపు అలా నిలబడిపోయాను. కొత్తగా ఉన్నప్పటి వెండి మెరుపు లేదు. ఆ చివర నుంచి ఈ చివరకి, చుట్టూ, పలక మీద తడిగుడ్డ వేసి తుడిచినట్టు ఒకే నీలిబూడిద రంగు. టార్చ్ పక్కనుంచి కొట్టి మెల్లగా తిప్పాను. ఒక్క మచ్చ లేదు, ఒక్క చార లేదు. గోరుతో అడ్డంగా గీస్తే ఎక్కడా తట్టుకోలేదు.

ఎడమ డిస్క్ బయటి ముఖం కూడా అంతే. లోపలి ముఖం చూడాలంటే కింద పడుకుని అద్దం పెట్టాలి. చాలామంది అది చూడరు, నేనూ అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అక్కడ బయటి అంచు వెంట వేలు వెడల్పున సగం మేర వెండి రంగు పట్టీ మిగిలిపోయింది. పొర పడలేదు. అన్న ఏమీ అనకుండా కింది స్లైడ్ పిన్ను వైపు చూపించాడు. విప్పితే పిన్ను మీద ఒకచోట తుప్పు గుంట ఉంది. చల్లగా ఉన్నప్పుడు బాగానే కదిలింది, వేడికి రబ్బరు తొడుగు ఉబ్బి ఆ గుంట దగ్గర పట్టేసింది. కాలిపర్ కొంచెం వాలి, ప్యాడ్ ఒక అంచున ఆనలేదు. కొత్త పిన్ను వేసి, ఆ ఒక్క చక్రం కోసం మొత్తం వరస మళ్లీ చేశాను, 60 నుంచి మొదలుపెట్టి. ఒక సెషన్ పోయింది. పోతే పోయింది. ఆ పట్టీని అలాగే వదిలేస్తే ఆరు నెలలకి ప్యాడ్ వాలుగా అరిగి ఉండేది.

కొందరు అడుగుతుంటారు, ఫ్యాక్టరీలోనే బెడ్డింగ్ చేసి పంపే ప్యాడ్లు ఉన్నాయి కదా, వాటికి ఇదంతా ఎందుకని. ఆ ప్యాడ్లలో పచ్చిదనం ముందే పోగొట్టి ఉంటారు, గ్రీన్ ఫేడ్ భయం చాలావరకు తగ్గుతుంది. కానీ మన డిస్క్ ఫ్యాక్టరీకి వెళ్లలేదు కదా. దాని మీద పొర మన బండి మీదే, మన కాలితోనే పడాలి. కాబట్టి వరస చిన్నదైనా చేయాల్సిందే. వేగాలు, ఎన్నిసార్లు అన్నవి మాత్రం ప్యాడ్ రకాన్ని బట్టి మారతాయి. నేను చెప్పినవి నా ప్యాడ్ల డబ్బాలోని కాగితం ప్రకారం చేసినవి. మీ డబ్బాలో ఉన్న కాగితం ఏం చెబితే అదే చేయండి. ఇంకొకటి, బ్రేక్ మీద కాలు ఆనించి యాక్సిలరేటర్ తొక్కుతూ బండిని ఈడ్చే పద్ధతి కొందరు చెబుతారు. వేడి లోపలికి దిగేలోపే ప్యాడ్ ముఖం మాడిపోతుంది. నేను దాని జోలికి వెళ్లను.

మధ్యాహ్నం సెషన్‌లో మొదటి రెండు ల్యాప్‌లు వేడెక్కించడానికే వాడాను. మూడో ల్యాప్‌లో ఆ స్ట్రెయిట్ చివరకి వచ్చాను. 150 బోర్డు దగ్గరే కాలు బ్రేక్ మీదకి వెళ్లిపోయింది, భయం కొద్దీ. బండి అంతలోనే ఎంత తగ్గిపోయిందంటే మలుపు దాకా మళ్లీ గ్యాస్ ఇవ్వాల్సి వచ్చింది. తర్వాతి ల్యాప్‌లో ఇంకొంచెం ఆగాను. ఐదారు ల్యాప్‌లు అయ్యేసరికి 100 బోర్డు దగ్గరికి చేరాను. స్టీరింగ్ నిశ్చలంగా ఉంది. పెడల్ కింద ప్యాడ్ డిస్క్‌ని పట్టుకోవడం, మలుపులోకి తిరుగుతూ కాలు కొద్దికొద్దిగా వదులుతుంటే అది కూడా కొద్దికొద్దిగా వదలడం అరికాలికి స్పష్టంగా తెలుస్తోంది.

ఇంటికి బయలుదేరే ముందు ట్రాక్ ప్యాడ్లు తీసి రోడ్డు ప్యాడ్లు, వాటి డిస్కులు వేశాం. తీసిన ప్యాడ్ల వెనక రేకు మీద మార్కర్‌తో రాసి పెట్టాను: ఎడమ లోపలిది, ఎడమ బయటిది, కుడి లోపలిది, కుడి బయటిది. డిస్కుల మీద కూడా, బ్రేక్ తగలని మధ్య భాగంలో, ఎడమ, కుడి అని. మళ్లీ ఎక్కించినప్పుడు ఏ ప్యాడ్ ఏ పొర వేసిందో అదే డిస్క్ మీదకి, అదే వైపుకి వెళ్లాలి. అన్న వాటిని పొడి గుడ్డలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టి, "నూనె చేత్తో మాత్రం ముట్టుకోకు" అని నా చేతికిచ్చాడు.